ఆర్కిటిక్ నుంచి పాలమూరు చెరువు దాకా.. పిట్టల దారి పట్టుకున్న సలీం అలీ

నవంబర్ వచ్చిందంటే పాలమూరు, నల్గొండ చెరువులకు కొత్త చుట్టాలు వస్తాయి. కోయిల్‌సాగర్, సరళాసాగర్, పానగల్ ఉదయ సముద్రం, మూసీ ప్రాజెక్టు.. ఇలాంటి చోట్ల నీళ్లు కాస్త వెనక్కి తగ్గి బురద బయటపడితే చాలు, పిచ్చుకంత ఉండే బూడిద రంగు పిట్టలు ఆ బురదలో గుంపులుగా పరుగులు తీస్తుంటాయి. చెరువు గట్టు మీద నిలబడ్డవాళ్ల చూపు పెద్ద కొంగల మీదికే పోతుంది. ఈ చిన్న పిట్టను ఎవరూ పట్టించుకోరు. కానీ ఆర్కిటిక్ నుంచి వచ్చేది ఇదే. పేరు లిటిల్ స్టింట్. బరువు 20 నుంచి 30 గ్రాములు. ఉత్తర ధ్రువానికి దగ్గర్లో, చెట్టూ చేమా లేని టండ్రా నేలల్లో పుడుతుంది. సైబీరియా ఉత్తర తీరం నుంచి నల్గొండ దాకా గీత గీసి కొలిచినా 6 వేల కిలోమీటర్లు దాటుతుంది.

ఇంత దూరం నుంచి వస్తాయని మనకెలా తెలిసింది? ఎవరో ఒకరు పిట్టను పట్టుకుని, కాలికి నంబర్ ఉన్న రింగు తొడిగి వదిలేస్తే తెలిసింది. ఆ పనిని మన దేశంలో పెద్ద ఎత్తున నడిపించిన మనిషి సలీం అలీ. బర్డ్‌మ్యాన్ ఆఫ్ ఇండియా అని జీకే పుస్తకాల్లో ఒక్క లైనులో చదివి వదిలేసే పేరు. ఆయన పుట్టిన రోజు నవంబర్ 12. సరిగ్గా వలస పక్షులు మన చెరువుల మీద వాలే రోజులు. ఇంకో సంగతి, డేరాలు వేసుకుని పాలమూరు అడవుల్లో పిట్టల కోసం తిరిగిన మనిషి కూడా ఆయనే.

ఎయిర్‌గన్‌తో మొదలైంది

సలీం అలీ 1896లో బొంబాయిలో పుట్టారు. ఇంట్లో పదో సంతానం. ఏడాది నిండేసరికి తండ్రి పోయారు, మూడేళ్లకు తల్లి పోయింది. మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ ఇంట్లో పెరిగారు. మేనమామ వేటగాడు. పిల్లాడి చేతిలో కూడా ఓ ఎయిర్‌గన్ ఉండేది. పిచ్చుకల్ని కొట్టడమే ఆట.

ఒకరోజు కొట్టిన పిచ్చుక మెడ మీద పసుపు రంగు మరక కనిపించింది. మామూలు పిచ్చుక కాదది. ఏం పిట్టో మేనమామకూ తెలియలేదు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి వెళ్లి అడగమన్నారు. అక్కడి కార్యదర్శి మిల్లార్డ్ అనే ఇంగ్లిష్ దొర పిల్లాడిని కసురుకోలేదు. అది పసుపు మెడ పిచ్చుక అని చెప్పి, సొరుగులు లాగి వందల పక్షుల నమూనాలు చూపించారు. ఆ సొసైటీతో అలా కుదిరిన బంధం చివరిదాకా నడిచింది.

చదువు మాత్రం అంతంతే. 1913లో మెట్రిక్ ఎలాగోలా గట్టెక్కారు. కాలేజీలో లెక్కలు మింగుడుపడలేదు. కుటుంబానికి బర్మాలోని తవోయ్‌లో టంగ్‌స్టన్ గనులు, కలప వ్యాపారం ఉంటే అక్కడికి వెళ్లారు. వ్యాపారం కంటే అడవిలో పిట్టలే ఎక్కువ చూశారు. ఆ వ్యాపారం నిలబడలేదు. 1918లో తెహ్మీనాతో పెళ్లయింది. ఇంగ్లండ్‌లో చదువుకున్న అమ్మాయి ఆమె. ఇలాంటి భర్త వెంట డేరాల్లో కాపురం చేస్తానని అప్పుడు అనుకుని ఉండరు.

డిగ్రీ లేదు, ఉద్యోగమూ లేదు

యూనివర్సిటీ డిగ్రీ లేకపోవడంతో జువలాజికల్ సర్వేలో పక్షుల శాస్త్రవేత్త ఉద్యోగం రాలేదు. బొంబాయి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో గైడ్ లెక్చరర్‌గా కొన్నాళ్లు చేశారు. 1928లో సెలవు పెట్టి బెర్లిన్ వెళ్లారు. అక్కడ ఎర్విన్ స్ట్రెస్‌మాన్ అనే పెద్ద శాస్త్రవేత్త దగ్గర పని నేర్చుకున్నారు. ఉత్తర సముద్రంలోని హెలిగోలాండ్ దీవిలో వలస పక్షుల్ని పట్టి రింగులు తొడగడం చూశారు, చేశారు కూడా. ఈ కథలో అసలు మలుపు ఇదే. అక్కడి జనం ఏడాదికేడాది ధ్రువం వైపు వెళ్లే పక్షుల్ని, తిరిగి వచ్చే పక్షుల్ని లెక్క రాసుకుంటున్నారు. మన దేశంలో 1927లో ధార్ సంస్థానంలో మొదలైన ప్రయత్నం ఒకటి ఉన్నా అది చిన్న స్థాయిలోదే.

1930లో తిరిగొచ్చేసరికి నిధుల్లేవని మ్యూజియం ఆ ఉద్యోగమే ఎత్తేసింది. 34 ఏళ్ల వయసు, భార్య, చేతిలో పైసా లేదు. బొంబాయి ఖర్చు తట్టుకోలేక సముద్రం అవతల కిహిమ్ అనే పల్లెకు మారారు. ఇంటి దగ్గర చెట్టుకు గిజిగాడు గూళ్లు వేలాడుతున్నాయి. పనేం లేదు కాబట్టి ఆ గూళ్లను చూస్తూ కూర్చున్నారు. కాలక్షేపం అనుకుంటే పొరపాటే. చెట్టు పక్కన నిచ్చెన మంచె కట్టుకుని, నెలల తరబడి, పిట్ట పిట్టకూ గుర్తు పెట్టి చూశారు.

మన దగ్గర బావి మీదికి వంగిన తుమ్మ చెట్టు గిజిగాడు గూళ్లు చూడని పల్లెటూరి మనిషి ఉండడు. కానీ అందులో జరిగే సంసారం సంగతి శాస్త్రానికి ఎక్కించింది సలీం అలీనే. గూడు అల్లేది మగ పిట్ట. సగం అల్లి ఆపేస్తుంది. ఆడ పిట్టలు వచ్చి చూసుకుంటాయి. నచ్చితే ఒకటి అందులో దిగుతుంది. అప్పుడు మగ పిట్ట గూడు పూర్తి చేసి ఇంకో గూడు మొదలు పెడుతుంది, ఇంకో ఆడ పిట్ట కోసం. నచ్చని గూడు అలా సగంలోనే వేలాడుతూ మిగిలిపోతుంది. ఉద్యోగం పోయిన మనిషి రాసిన ఈ పరిశీలనే ఆయనకు పేరు తెచ్చింది.

నిజాం రాజ్యంలో డేరాలు

తర్వాత సొసైటీ ముందు ఓ ప్రతిపాదన పెట్టారు. జీతం వద్దు, క్యాంపు ఖర్చు ఇస్తే చాలు, సంస్థానాల్లో పక్షుల సర్వే చేసి పెడతాను అన్నది దాని సారాంశం. మొట్టమొదట దొరికిన పెద్ద పని హైదరాబాద్ రాజ్యం సర్వే. 1931లో మొదలైంది. నిజాం ప్రభుత్వ సహకారం ఉంది. ఇప్పటి తెలంగాణతో పాటు మరఠ్వాడా వైపు కూడా తిరిగారు.

ఆ సర్వేలో అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా అమ్రాబాద్ పీఠభూమి ఉంది. ఇప్పుడది నాగర్‌కర్నూల్ జిల్లా. మన్ననూరు దాటి పైకెక్కితే ఫరహాబాద్. శ్రీశైలం రోడ్డులో ఫరహాబాద్ గేటు దగ్గర సఫారీ బండి ఎక్కేవాళ్లకు ఆ పేరు తెలుసు. 1931లో ఈ సఫారీ లేదు, ఈ రోడ్డూ లేదు. ఎడ్ల బండ్ల మీద డేరాలు, సామాన్లు వేసుకుని పోవాలి. మలేరియా మామూలు. లోపలి దారులు తెలిసింది చెంచులకే. తెహ్మీనా కూడా వెంటే ఉన్నారు. క్యాంపు నడిపే భారమంతా ఆమె మీదే.

పని ఎలా ఉండేదంటే.. తెల్లవారకముందే బయల్దేరాలి. పిట్టను చూడాలి, కూత వినాలి, ఏం తింటుందో రాసుకోవాలి. తర్వాత కాల్చాలి. అవును, కాల్చాలి. ఇప్పుడు వింటే ఇబ్బందిగానే ఉంటుంది. కానీ అప్పట్లో నమూనా లేకపోతే శాస్త్రం నమ్మేది కాదు. మధ్యాహ్నం ఎండలో కూర్చుని తోలు ఒలిచి, పురుగు పట్టకుండా మందు రాసి, దూది కూరి, ఊరు, తేదీ, ఆడా మగా అన్నీ రాసిన చీటీ కాలికి కట్టాలి. ఆలస్యం అయితే కుళ్లిపోతుంది. ఆ చీటీలన్నీ ఇంగ్లండ్‌లో ఉన్న హ్యూ విస్లర్ అనే మాజీ పోలీసు అధికారి దగ్గరికి చేరేవి. విస్లర్ పక్షుల్లో దిట్ట. మొదట్లో ఈ బొంబాయి కుర్రాడు తన తప్పు పట్టాడని ఆయనకు కోపం వచ్చింది. తర్వాత తన నమూనాలు మళ్లీ చూసుకుని, తప్పు తనదేనని ఒప్పుకుని, జీవితాంతం స్నేహితుడయ్యారు.

1933, 34 సంవత్సరాల్లో హైదరాబాద్ సర్వే నివేదిక సొసైటీ పత్రికలో భాగాలుగా వచ్చింది. నల్లమల పక్షుల గురించి పద్ధతిగా రాసిన తొలి రికార్డుల్లో ఇదొకటి. ఇవాళ అమ్రాబాద్‌లో ఏ పిట్ట ఉంది, ఏది పోయింది అని తేల్చాలంటే తొంభై ఏళ్ల నాటి ఆ పేజీల దగ్గరికే వెళ్లాలి. ఇంకో తేడా కూడా చెప్పుకోవాలి. అంతకు ముందు దొరలు ఎక్కువగా తోళ్లు పోగేశారు. సలీం అలీ మాత్రం బతికున్న పిట్ట ఎలా ఉంటుంది, ఎప్పుడు గుడ్లు పెడుతుంది, ఏ కాలంలో వస్తుంది, ఎప్పుడు పోతుంది అన్నది రాశారు.

ఆ తర్వాత తిరువాన్కూర్, కొచ్చిన్, ఇంకా ఎన్నో సంస్థానాలు. 1939లో చిన్న ఆపరేషన్ తర్వాత ఇన్‌ఫెక్షన్ సోకి తెహ్మీనా చనిపోయారు. పిల్లల్లేరు. ఆయన మళ్లీ పెళ్లి చేసుకోలేదు. సోదరి ఇంట్లో ఉంటూ పనిలో మునిగిపోయారు. 1941లో ది బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్ వచ్చింది. రంగు బొమ్మలతో ఉన్న ఆ పుస్తకం చదివి పిట్టల పిచ్చి పట్టినవాళ్లు దేశంలో లెక్కలేనంత మంది. 1945లో, 50కి దగ్గర పడుతున్న వయసులో కైలాస మానస సరోవరం దాకా వెళ్లొచ్చారు. మన చెరువులకు శీతాకాలంలో వచ్చే పట్టె తల బాతులు గుడ్లు పెట్టే టిబెట్ సరస్సుల వైపు అన్నమాట.

కోతుల జ్వరం తెచ్చిన నిధులు

రింగుల ప్రాజెక్టు కోసం ఆయన ఎప్పటి నుంచో అడుగుతున్నారు. డబ్బులు రాలేదు. చివరికి వచ్చింది ఓ జబ్బు వల్ల.

1957లో కర్ణాటకలోని శివమొగ్గ దగ్గర క్యాసనూర్ అడవిలో కోతులు చచ్చిపోవడం మొదలైంది. తర్వాత మనుషులకూ జ్వరం. పిడుదు పురుగుల ద్వారా వ్యాపించే వైరస్ అని తేలింది. ఆ వైరస్ రష్యాలో ఉన్న ఓ మెదడువాపు వైరస్‌కు దగ్గరి చుట్టం. దాంతో డాక్టర్లకు అనుమానం వచ్చింది. సైబీరియా నుంచి వచ్చే పక్షుల ఒంటి మీద పిడుదులు అంటుకుని వస్తున్నాయా? ప్రపంచ ఆరోగ్య సంస్థ డబ్బులిచ్చింది. ఎన్నాళ్లుగానో సలీం అలీ కోరుకున్న ప్రాజెక్టు అలా పట్టాలెక్కింది.

1960వ దశకంలో భరత్‌పూర్, కచ్, వేదారణ్యం సమీపంలోని పాయింట్ కాలిమెర్.. ఇలా చాలా చోట్ల వలలు పడ్డాయి. వలలు వేసింది పీహెచ్‌డీలు కాదు. బీహార్ నుంచి వచ్చిన మీర్‌షికార్లు. తరతరాలుగా పిట్టలు పట్టి అమ్ముకుని బతికిన జనం. పిట్ట కాలు విరగకుండా, రెక్క నలగకుండా పట్టడం వాళ్ల చేతుల్లోనే ఉంది. పట్టిన ప్రతి పిట్టకూ తూకం, కొలత, ఒంటి మీద పిడుదు ఉందా లేదా అని తనిఖీ, కాలికి అల్యూమినియం రింగు. రింగు మీద నంబర్, బొంబాయి సొసైటీకి తెలియజేయమని ఓ ముక్క.

కొన్ని నెలల తర్వాత సోవియట్ వేటగాళ్ల నుంచి, అక్కడి శాస్త్రవేత్తల నుంచి కబుర్లు రావడం మొదలైంది. భరత్‌పూర్‌లో రింగు తొడిగిన బాతులు సైబీరియాలో దొరికాయి. రెండు దేశాల మధ్య హిమాలయం ఉంది, ఎడారులు ఉన్నాయి. పిట్ట అవన్నీ దాటి పోయిందనడానికి చేతిలో పట్టుకోగల సాక్ష్యం ఆ రింగే.

కోతుల జ్వరం సంగతి? అది ఇక్కడి అడవిలోనే ఉన్న జబ్బు అని, పక్షులు మోసుకొచ్చాయనడానికి ఆధారం దొరకలేదని తర్వాత తేలింది. ఈలోగా ప్రాజెక్టుకు అమెరికా సైన్యానికి చెందిన పరిశోధన విభాగం నుంచి కూడా నిధులు వచ్చాయి. ప్రచ్ఛన్న యుద్ధం రోజులు. పక్షుల ద్వారా రోగాలు వదిలే ప్రయోగమా అన్న అనుమానం లేచింది. 1970వ దశకం మధ్యలో పార్లమెంటు కమిటీ దాకా వెళ్లింది. సలీం అలీ గట్టిగానే సమర్థించుకున్నారు. ఆయన ఉద్దేశాన్ని శంకించాల్సింది లేదు. కానీ డబ్బులిచ్చిన వాళ్లెవరు, ఎందుకిచ్చారు అని అడగడం కూడా తప్పు కాదు.

ఆ మంచు నేలలో ఏముంది?

ఆర్కిటిక్ టండ్రాలో ఏడాదిలో ఎక్కువ కాలం మంచే. జూన్‌లో పై పొర కరుగుతుంది. కింద నేల గడ్డ కట్టే ఉంటుంది కాబట్టి నీళ్లు ఇంకవు. ఎటు చూసినా గుంటలు, నాచు, మోకాలెత్తు కూడా లేని పొదలు. దోమలు, పురుగులు కోట్లలో పుడతాయి. పొద్దు గుంకదు. అంటే పిల్లలకు మేత పెట్టడానికి 24 గంటలూ వెలుగే. అందుకే పిట్టలు అంత దూరం పోతాయి. పుట్టిన కొద్దిసేపటికే లిటిల్ స్టింట్ పిల్ల తన కాళ్ల మీద తానే తిరిగి పురుగులు ఏరుకుంటుంది. ఆగస్టు వచ్చేసరికి చలి తరుముతుంది.

అక్కడ లెమింగ్ అనే ఎలుక లాంటి జీవి ఉంది. కొన్నేళ్లు విపరీతంగా పెరుగుతుంది, తర్వాత ఒక్కసారిగా తగ్గిపోతుంది. లెమింగ్‌లు దండిగా ఉన్న ఏడాది ఆర్కిటిక్ నక్కలు వాటినే తింటాయి. లేని ఏడాది పిట్టల గుడ్ల మీద పడతాయి. అంటే సైబీరియాలో ఎలుకలు తగ్గిన ఏడాది దక్షిణాది బురదల్లో దిగే పిల్ల పిట్టలూ తగ్గే అవకాశం ఉంటుంది. ఇప్పుడు ఆర్కిటిక్ మిగతా ప్రపంచం కంటే చాలా వేగంగా వేడెక్కుతోంది. మంచు ముందే కరిగి పురుగులు ముందే పుడితే, పిట్ట వచ్చే సమయానికి మేత అయిపోయే ప్రమాదం ఉంది.

ఇక్కడ ఓ తప్పు కూడా సరిచేసుకోవాలి. ఊళ్లలో చింత చెట్ల మీద గూళ్లు కట్టే పెద్ద కొంగల్ని సైబీరియా కొంగలు అని పిలవడం అలవాటైపోయింది. టీవీల్లోనూ ఏటా అదే మాట. ఎర్రకాళ్ల కొంగ, నత్తలు తినే ఓపెన్‌బిల్ కొంగ.. ఇవి మన దేశపు పక్షులే. ఇక్కడ గూడు కట్టి పిల్లల్ని పెట్టే పిట్ట సైబీరియాది ఎలా అవుతుంది? నిజమైన సైబీరియా కొంగ తెల్లగా, ఎర్ర మొహంతో ఉండేది. అది శీతాకాలం గడిపింది భరత్‌పూర్‌లో. 2002 తర్వాత అక్కడా రావడం మానేసింది.

భరత్‌పూర్ గాయం

స్వాతంత్ర్యం వచ్చాక భరత్‌పూర్ నీటి గుంటల్ని ఎండబెట్టి పొలాలు చేయాలన్న ఒత్తిడి వచ్చినప్పుడు సలీం అలీ నెహ్రూ దాకా వెళ్లి ఆపించారు. అది లేకపోతే ఇవాళ ఆ పార్కే ఉండేది కాదు. కానీ అదే చోట ఆయన లెక్క తప్పింది కూడా.

పార్కు దెబ్బ తింటోందని, లోపల బర్రెలు, ఆవుల మేత ఆపాలని ఆయన, సొసైటీ గట్టిగా కోరారు. 1982లో ప్రభుత్వం ఆపేసింది. చుట్టుపక్కల ఊళ్లు తరతరాలుగా అక్కడే పశువులు మేపుకునేవి. ప్రత్యామ్నాయం చూపలేదు. గొడవ జరిగింది, పోలీసు కాల్పుల్లో పలువురు గ్రామస్తులు చనిపోయారు. తర్వాత ఏమైంది? సొసైటీ శాస్త్రవేత్తలే ఏళ్ల తరబడి చేసిన అధ్యయనంలో, బర్రెలు లేకపోవడంతో గడ్డి విపరీతంగా పెరిగి నీటి గుంటల్ని మూసేస్తోందని, బాతులకు చోటు తగ్గుతోందని తేలింది. ఆ ఫలితాలు బయటికొచ్చేసరికి సలీం అలీ లేరు.

నల్లమల వాళ్లకు ఈ కథ కొత్త కాదు. 1983లో నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల రక్షిత ప్రాంతం వచ్చినప్పటి నుంచి చెంచు పెంటల్ని అడవిలో ఉంచాలా, బయటికి తేవాలా అన్న వాదన నడుస్తూనే ఉంది. యురేనియం తవ్వకాల మాట వచ్చినప్పుడు అమ్రాబాద్‌లో చెంచులు, రైతులు, పర్యావరణవాదులు ఒక్కటై నిలబడ్డారు. 2019 సెప్టెంబర్‌లో అసెంబ్లీ వ్యతిరేక తీర్మానం చేసింది. అడవిలో మనిషి ఉంటే అడవి పోతుందన్న మాట ఎప్పుడూ నిజం కాదని భరత్‌పూర్ బర్రెలు చెప్పాయి. అన్ని అడవులకూ అదే లెక్క సరిపోతుందనీ కాదు. ఆ అడవిలో కూర్చుని చూసి తేల్చుకోవాల్సిందే. సలీం అలీ గిజిగాడు గూళ్ల కింద చేసింది అదే, భరత్‌పూర్‌లో తొందరపడి చేయనిదీ అదే.

చివరి రోజులు

డిల్లన్ రిప్లీ అనే అమెరికన్ శాస్త్రవేత్తతో కలిసి 1968 నుంచి 1974 మధ్య 10 సంపుటాల పక్షుల గ్రంథం తెచ్చారు. 1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్, 1985లో రాజ్యసభ. గెటీ బహుమతి డబ్బును ప్రకృతి సంరక్షణ నిధికే ఇచ్చేశారు. బట్టమేక పిట్టను జాతీయ పక్షి చేయాలని కోరారు, అది నెగ్గలేదు, నెమలి నెగ్గింది.

తెలుగు నేలతో చివరి ముడి కడపది. కలివి కోడి అంతరించిపోయిందని దశాబ్దాలుగా అనుకుంటున్న రోజుల్లో, 1986లో సొసైటీ బృందం కడప జిల్లా లంకమల దగ్గర దాన్ని మళ్లీ కనిపెట్టింది. అక్కడా పిట్టను రాత్రిపూట టార్చి వెలుగులో పట్టింది స్థానిక వేటగాడే. సలీం అలీకి అప్పటికి 90 దగ్గర పడుతోంది. 1987 జూన్ 20న ముంబయిలో కన్నుమూశారు.

మన చెరువుల్లో దిగిన ఆర్కిటిక్ పిట్టలు మార్చి, ఏప్రిల్ దాకా ఉంటాయి. వెళ్లే ముందు బాగా తిని కొవ్వు పడతాయి, కొన్నిటికి బూడిద రంగు పోయి ఎరుపు ఛాయ వస్తుంది. చూడాలంటే పొద్దున్నే, ఎండ వీపు మీద పడేలా నిలబడి, బురద అంచు దగ్గర చూడాలి. కాలికి రింగు గానీ రంగు జెండా గానీ ఉన్న పిట్ట కనిపిస్తే పట్టుకోవద్దు. ఫోటో తీసి, నంబర్, తేదీ, చెరువు పేరు రాసి ముంబయిలోని బీఎన్‌హెచ్‌ఎస్‌కు పంపితే చాలు. ఆ పిట్టకు రింగు ఎక్కడ తొడిగారో వాళ్లు వెతికి చెబుతారు.